మునగని పెళ్లికూతురు

ఆ రోజుల్లో మా నాచారంలో నీళ్లంటే పట్టుకునేవే కానీ దిగేవి కావు. రోజు విడిచి రోజు నల్లా వచ్చేది. వచ్చిందని ఎవరో ఒకరు కేకేస్తే చాలు, గల్లీ అంతా బిందెలతో, డ్రమ్ములతో, ఆఖరికి పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన కూరగిన్నెను ఖాళీ చేసి దానితో సహా బయటికి ఉరికేది. నీళ్లు కింద ఒలికితే పాలు ఒలికినంత బాధపడేవాళ్లం. సముద్రమనేది మా ఇంట్లో, మా ప్రార్థన మందిరం వాళ్లు ఇచ్చిన క్యాలెండర్ మీద, మే నెల పైన ఉండేది. (జూన్ రాగానే దాన్ని వెనక్కి మడిచేసేవాళ్లం. సముద్రానికి మా ఇంట్లో ఉన్న గడువు ఆ ఒక్క నెలే.) అలాంటి చోట పుట్టి పెరిగిన నేను నీళ్లంటే భయపడ్డానంటే తప్పు నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను. వినేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

భయానికి ఒక కారణం కూడా ఉంది. చిన్నప్పుడు పక్కింటి సంపులో పడ్డాను. అందులో నీళ్లు నా నడుముకు మించి లేవు. కానీ పడింది తలకిందులుగా కాబట్టి లోతు కొలుచుకునే అవకాశం దొరకలేదు. పక్కింటి ఆంటీ జడ పట్టుకుని పైకి లాగింది. మా అమ్మమ్మ నన్ను తుడుస్తూ, "మనం జాతకాలు గీతకాలు నమ్మంగనీ, ఈ పోరికి నీళ్ల గండమున్నదే" అని తీర్మానం చేసేసింది. నమ్మని జాతకమే కదా అని ఎవరూ ఊరుకోలేదు, అందరికంటే ముందు నేను ఊరుకోలేదు. ఆ రోజు నుంచి నా స్నానం భుజాల దగ్గర ఆగిపోయింది. తలస్నానమంటే అమ్మ, నేను, ఒక తడిగుడ్డ, బోలెడు ఏడుపు. ఆదివారం మందిరానికి పోవాలి కాబట్టి శనివారం సాయంత్రం అది జరిగేది. నా కేకలు విని వారం గుర్తుపట్టేవాళ్లు మా గల్లీలో చాలామంది ఉండేవాళ్లు.

నీళ్ల భయం ఉన్న మనిషి ఏ మతంలోనైనా పుట్టవచ్చు కానీ మా మందిరంలో మాత్రం పుట్టకూడదు. ఎందుకంటే మా దగ్గర బాప్తిస్మమంటే నెత్తి మీద నీళ్లు చిలకరించడం కాదు, మనిషిని నిలువునా ముంచి తీయడం. వెంట్రుక కూడా బయట ఉండకూడదు. వేదిక మీది చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉండేది. అందులో ట్యాంకర్ నీళ్లు నింపి, తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లను ఒక్కొక్కరినే దింపేవారు. నాతో సండే స్కూలుకు వచ్చినవాళ్లంతా వరసగా మునిగి ఒడ్డెక్కారు. నాకు మాత్రం ఆ ఆదివారాలే చూసి జ్వరం వచ్చేది, లేదా పరీక్షలు వచ్చేవి, ఏదీ రాకపోతే పంటినొప్పి వచ్చేది. పక్క వీధిలో నీళ్లు చిలకరించే మందిరం ఒకటి ఉంది. "మనం వాళ్లల్ల ఎందుకు పుట్టలే అమ్మా?" అని ఒకసారి నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. జవాబుగా గరిటె వచ్చింది.

ఇలా తప్పించుకుంటూ డిగ్రీ అయిపోయింది, నాచారం ఫ్యాక్టరీల వైపు ఒక కంపెనీలో డిస్పాచ్ సెక్షన్‌లో కంప్యూటర్ ముందు ఉద్యోగం దొరికింది, మా మేనమామ కొడుకుతో పెళ్లి కూడా కుదిరింది. బావది చెంగిచెర్ల. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసేవాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషే, నవ్వితే ముందు చెవులు కదులుతాయి, ఆ తర్వాత నవ్వు వస్తుంది. నాకు అతనంటే ఇష్టమని అందరికీ తెలుసు, నేను మాత్రం దాస్తున్నానని అనుకునేదాన్ని. కార్డులు అచ్చయ్యాయి, చీరలు వచ్చాయి, అమ్మ ఉప్పల్‌లో గాజుల దుకాణాలన్నీ తిరిగి కాళ్లవాపు తెచ్చుకుంది. అప్పుడు మొదటి కార్డు ఇవ్వడానికి అయ్యగారి దగ్గరకు వెళ్లాం.

మా పాస్టర్ అయ్యగారి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన దేవుని సేవకు రాకముందు సగం జీవితం నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేశారు. ఉద్యోగం వదిలేశారు గానీ సేఫ్టీని వదల్లేదు. మందిరంలో వేదిక పక్కనే ఎర్రటి ఇసుక బకెట్లు వేలాడేవి. పెళ్లిళ్లలో ప్రమాణాలు చేయించే ముందు షామియానా తాళ్లు గుంజి చూసేవారు. "విశ్వాసమున్నోడు గూడ హెల్మెట్ పెట్టుకోవాలె. దేవుడు తలకాయిచ్చింది రోడ్డుకు కొట్టుకోనీకి గాదు" అన్నది ఆయన ప్రసంగాల్లో తరచుగా వినపడే మాట. మెడలో పాత ఫ్యాక్టరీ విజిల్ ఇంకా ఉండేది. మనిషి మంచివాడు, వెన్న. కానీ రూలు దగ్గరకు వస్తే ఆ వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిందే.

కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "సంతోషం బిడ్డా. మరి బాప్తిస్మం?" అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

"పెండ్లయినంక తీస్కుంటది అయ్యగారు, పోరి జర భయపడ్తది" అంది అమ్మ.

"గట్లెట్ల అయితదమ్మా? బాప్తిస్మం లేనిదే ఈ మందిరంల పెండ్లి జెయ్య. అందరికి ఒక్కటే రూలు."

"కార్డులు గూడ కొట్టిచ్చినమయ్యా!"

"నన్ను అడిగి కొట్టిచ్చిన్రా?" అన్నారాయన, కోపం లేకుండానే.

సరే, తొట్టిలో ముంచెయ్యండి, పీడా వదిలిపోతుంది అని అమ్మ సిద్ధపడింది. అయితే ఆ ఎండాకాలం తొట్టికి పగులు వచ్చి, నింపిన నీళ్లు నింపినట్టే కిందికి ఇంకిపోతున్నాయి. ఇంకో మందిరం తొట్టి అడుగుదామని ఎవరో అంటే అయ్యగారు ఒప్పుకోలేదు. "మన కూర పక్కింటోళ్ల పొయ్యి మీద వండుకుంటమా?" అన్నారు. యూత్ వాళ్లు ఇలాంటి సందు కోసమే ఏళ్లుగా కాచుకుని ఉన్నారు. సముద్రానికి పోదాం అయ్యగారూ, బాప్తిస్మం అక్కడ ఇవ్వచ్చు, పిక్నిక్ కూడా అయినట్టుంటుంది, బోట్లు కూడా ఉంటాయట అన్నారు. అయ్యగారు కాసేపు ఆలోచించి, "లైఫ్ జాకెట్లుంటయా?" అని అడిగారు. ఉంటాయన్నారు. అంతే, బస్సు మాట్లాడేశారు. సంపులో పడితేనే గండమన్న పిల్లను తీసుకెళ్లి ఏకంగా సముద్రంలో పడేస్తారట! పెళ్లికి పది రోజులు ఉందనగా ప్రయాణం. అక్కడ మునిగితే పెళ్లి, లేకపోతే తొట్టి బాగయ్యేదాకా వాయిదా. తొట్టి ఎప్పుడు బాగవుతుందో మేస్త్రీకే తెలియదు.

ఇక నా శిక్షణ మొదలైంది. అమ్మ బాత్రూంలో బకెట్ నింపి, "మొఖం ముంచు, నేను పది లెక్కవెడ్త" అనేది. నేను గడ్డం ముంచి లేచేదాన్ని. ఆమె ఇంకా రెండు దగ్గరే ఉండేది. బావ ఫోన్‌లో ధైర్యం చెప్పేవాడు. "ఊపిరి బిగవట్టాలె. కండ్లు తెరిచే ఉంచాలె. నీళ్లతోని కొట్లాడొద్దు. భయపడితే మునుగుతవ్, భయపడకపోతే తేలుతవ్, గంతే!"

"కానీ నేను మునగాలె గద బావా?"

అటు నుంచి ఏదో ఫ్రిజ్జు తలుపు మూసిన చప్పుడు వినపడింది. "గది గూడ నిజమే" అన్నాడు చివరికి.

శనివారం మందిరంలో రిహార్సల్. తివాచీ మీద నన్ను నిలబెట్టి, వెనకాల చెయ్యి ఆనించి, అయ్యగారు ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు మిషన్ చూపించినట్టు చూపించారు. "ముక్కు మూసుకో. నోరు మూసుకో. మోకాళ్లు వంచు. మిగిలింది నాకు ఇడిసిపెట్టు." నేను ఎంత చక్కగా వెనక్కి వాలానంటే, చూడటానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. మా మందిరంలో గంట కొట్టే పెద్దమ్మ ఒకామె ఉండేది. అందరం గంటల పెద్దమ్మ అనేవాళ్లం. బాప్తిస్మాలప్పుడు తొట్టి పక్కన కూర్చుని, మనిషి పూర్తిగా మునిగాడా లేదా అని సాక్ష్యం చెప్పడం ఆమె పని. ఎవరూ అప్పగించలేదు, ఆమే తీసుకుంది. ఆమె నన్ను తేరిపార చూసి, "పొడిల అయితే మస్తు మునుగుతున్నది" అంది. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో అప్పుడు తెలియలేదు.

బస్సులో అందరూ పాటలు పాడారు, నాకు చెమటలు పోశాయి. తెల్లవారేసరికి ఆ సముద్రపు ఊళ్లో దిగాం. ఇసుక దిబ్బ ఎక్కి అటు చూసేసరికి మావాళ్లందరి నోళ్లూ మూతపడ్డాయి. నాచారం మనుషులు అన్ని నీళ్లు ఒక్కచోట ఎన్నడూ చూసి ఉండరు. అందరికంటే ముందు తేరుకున్నది గంటల పెద్దమ్మే. "గిన్ని నీళ్లు ఇక్కడ పెట్టుకోని మనకు దినం తప్పి దినం ఇడుస్తరా!" అంది పళ్లు నూరుతూ.

ఒడ్డున ఎరుపూ పసుపూ చొక్కా వేసుకున్న లైఫ్‌గార్డ్ ఉన్నాడు. ఆ ఊరి కుర్రాడే. గుంపును చూడగానే దగ్గరకు వచ్చి, "ఈ రెండు జెండాల మధ్యే దిగండి. కాళ్ల కింద ఇసుక జారిపోతున్నట్టుంటే వెనక్కి వచ్చేయండి. లోపలికి లాగుతుంటే ఎదురీదకండి, చెయ్యెత్తండి, నేను వస్తాను. తిన్నవెంటనే దిగకండి" అని చెప్పాడు. అయ్యగారు చేతులు కట్టుకుని విన్నారు. వినేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న తృప్తి మా మందిరంలో ఏ పాటకూ చూడలేదు. ఇన్నాళ్లకు తన భాష మాట్లాడే మనిషి దొరికాడు మరి. వెంటనే విజిల్ ఊది మమ్మల్ని జతలు జతలుగా నిలబెట్టి, తన రూలు కలిపి చెప్పారు. "మోకాళ్ల దాక ఏం అక్కర్లేదు. మోకాలు దాటిన్రంటే ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలె. నాకైనా గంతే, ఎవ్వరికైనా గంతే. లేదంటే ఒడ్డు మీద కూసోని పల్లీలు తినుండ్రి." బోటు వాళ్ల దగ్గర నారింజ రంగు జాకెట్లు తీసుకుని, ఒక్కొక్కరి బెల్టు తనే గుంజి చూశారు. నాది రెండుసార్లు గుంజారు.

ఆ రోజు బాప్తిస్మానికి ఉన్నది నలుగురం. పెళ్లి దగ్గరపడింది కాబట్టి ముందు నేను. తెల్ల పంజాబీ డ్రెస్, దాని మీద నారింజ జాకెట్, నూనె పెట్టి బిగించి అల్లిన జడ. ఒడ్డున ఆడవాళ్లు పాట అందుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ దూరంగా నిలబడి నాకు ఊపిరి ఎలా బిగబట్టాలో బుగ్గలు ఉబ్బించి చూపిస్తున్నాడు. అయ్యగారు నా చెయ్యి పట్టుకుని నడుము లోతుకు తీసుకెళ్లారు. నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. లైఫ్‌గార్డ్ కుర్రాడు కొంచెం అవతల, సముద్రం వైపు నిలబడ్డాడు. ముక్కు మూసుకున్నాను, నోరు మూసుకున్నాను, మోకాళ్లు వంచాను, మిగిలింది ఆయనకు వదిలేశాను. ఆయన చెప్పాల్సిన మాటలు గంభీరంగా చెప్పి నన్ను వెనక్కి వాల్చారు.

నేను మునగలేదు.

బస్సెడు మందిమి, చదువుకున్నవాళ్లం కూడా ఉన్నాం, అందరం రిహార్సల్ చూసినవాళ్లమే, మనిషిని మునగనివ్వకుండా చేయడానికే ఆ జాకెట్ ఉందన్న సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు. నేను వెల్లకిలా, పరుపు మీద పడుకున్నట్టు తేలాను. అయ్యగారు భుజాలు పట్టి కిందికి నొక్కారు. భుజాలు వెళ్తే కాళ్లు లేచాయి. కాళ్లు నొక్కితే తల లేచింది. "పొట్ట మునగలే అయ్యగారూ!" అని ఒడ్డు నుంచి గంటల పెద్దమ్మ. ఆయన మళ్లీ నొక్కారు. "ముక్కు బయటనే ఉన్నది!" మళ్లీ నొక్కారు. "జడ తేలుతున్నది, జడ!" పాడుతున్నవాళ్లకు పాట అయిపోయింది, ఏం చేయాలో తెలియక మొదటి చరణం నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి అయ్యగారు పట్టుదలగా తన బరువంతా నా మీద మోపబోయారు. అదే సమయానికి ఒక కెరటం వచ్చి ఆయన కాళ్లు లాగేసింది. ఆయన ఒంటి మీదా జాకెట్ ఉంది కదా. అయ్యగారు, నేను, పక్కపక్కనే రెండు గుమ్మడికాయల్లా తేలుతూ ఒడ్డువైపు కొట్టుకొచ్చాం. ఆయన మాత్రం చెదరకుండా, తేలుతూనే విజిల్ ఊదారు.

లైఫ్‌గార్డ్ ఇద్దరినీ భుజాల దగ్గర పట్టుకుని నిలబెట్టాడు. అమ్మ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది, పిల్ల భయంతో గుడ్లు తేలేసి ఉంటుందని. తీరా చూస్తే నేను నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో అప్పుడు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లు నన్ను మింగేస్తాయనుకున్న నీళ్లు, ఇంతమంది కలిసి నొక్కినా నన్ను లోపలికి తీసుకోనన్నాయి. దానికి నవ్వు రాక ఏం వస్తుంది? సంపు కథ ఆ కాసేపు ఆ కెరటంతో పాటు ఎటో కొట్టుకుపోయింది.

నవ్వితే పెళ్లి కాదు కదా. మోకాలి లోతులో నిలబడి పంచాయితీ మొదలైంది. అమ్మ, "ఒక్క నిమిషం జాకెట్ ఇప్పుండ్రి అయ్యగారూ, ముంచుండ్రి, మల్ల తొడుగుండ్రి" అంది. లైఫ్‌గార్డ్, "అంత లోతులో విప్పకూడదమ్మా, కెరటం చూశారుగా" అన్నాడు. గంటల పెద్దమ్మ, "జేబులల్ల ఇసుక వోసి ముంచితే?" అని సలహా ఇచ్చింది. (ఆ డ్రెస్‌కు జేబుల్లేవు కాబట్టి బతికిపోయాను.) అందరూ అయ్యగారి వైపు చూశారు. పాపం, ఆయన అవస్థ చూడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూర్తిగా ముంచాలన్నదీ ఆయన రూలే, జాకెట్ తీయకూడదన్నదీ ఆయన రూలే. జీవితంలో ఆయన నమ్మిన రెండు సంగతులు ఒకదాని చొక్కా ఒకటి పట్టుకుని కొట్టుకుంటున్నాయి. తడిసిన మీసం తుడుచుకుని చాలాసేపు నీళ్ల వైపు చూశారు.

"ఆగుదాం తల్లీ" అన్నారు అమ్మతో, మెల్లగా. "తొట్టి బాగైనంక ఇస్త. పెండ్లి జర ఎనకకు జరుపుకోండ్రి. మీ పిల్లను జాకెట్ లేకుంట ఆ లోతుల ముంచి, జరగరానిది జరిగితే నేను ఏ మొఖం వెట్టుకోని మందిరంల నిలవడాలె?"

అమ్మ ఆ నీళ్లల్లోనే కూలబడింది. బావ దగ్గరకు వచ్చి, "పోనియ్ అత్తమ్మా, ఆగుదాం. నేను ఏడికి పోత? పోరిని భయపెట్టి ముంచుడు ఎందుకు" అన్నాడు. అతను అంత సులువుగా ఆగుతాననడం వల్లనేమో, నాకు మాత్రం ఒక్క పూట కూడా ఆగాలనిపించలేదు. ఏళ్ల తరబడి జ్వరాలు తెచ్చుకుని తప్పించుకున్నదాన్ని, తీరా మునుగుతానని వస్తే సముద్రం వెనక్కి పంపుతుందా? తల వంచుకుని నిలబడ్డాను. వంచిన తలకు ఎదురుగా నా కాళ్లు కనిపించాయి. కెరటం వస్తే మోకాళ్ల దాకా, పోతే పిక్కల దాకా నీళ్లు.

"అయ్యగారూ, మోకాళ్ల దాక జాకెట్ అక్కర్లేదన్నరు గద?"

"అవు, అన్న."

"మరి నేను ఇక్కడ్నే కూసుంటే?"

"కూసోని ఎట్ల మునుగుతవే?" అంది పెద్దమ్మ.

"పండుకుంట."

అయ్యగారు నా మోకాళ్ల వైపు చూశారు, నీళ్ల వైపు చూశారు, లైఫ్‌గార్డ్ వైపు చూశారు. ఆ కుర్రాడు చుట్టూ నాలుగడుగులు తొక్కి చూసి, "ఇక్కడైతే పర్లేదండి. నేను ఇటు పక్క నిలబడతాను, పెద్ద కెరటం పోయాక చెప్తాను, అప్పుడు కానివ్వండి" అన్నాడు. అయ్యగారి ముఖం విప్పారింది. బాప్తిస్మం ఇచ్చే ఆయన నిలబడి ఇవ్వాలని ఎక్కడా లేదు కదా. నా జాకెట్ విప్పించి, ఆయనా తన జాకెట్ విప్పి, తెల్లచొక్కా తెల్లప్యాంటుతో నా పక్కన నీళ్లల్లో మోకరిల్లారు.

నాకు భయం వేయలేదని రాయాలని ఉంది కానీ అది అబద్ధం. చాలా భయం వేసింది. భయం తగ్గాక దిగుదామని ఇన్నాళ్లు చూశాను, అది తగ్గేది కాదని ఆ ఇసుకలో కూర్చున్నప్పుడు తెలిసింది. సరే, అదీ నాతోపాటే మునుగుతుందిలే అనుకున్నాను. కుర్రాడు "ఊఁ" అన్నాడు. అయ్యగారు మాటలు చెప్పి నన్ను వెనక్కి పడుకోబెట్టారు. ఈసారి వీపుకు ఇసుక తగిలింది, చెవుల్లోకి నీళ్లు వచ్చాయి, చుట్టూ చప్పుడంతా ఆగిపోయింది. చిన్న కెరటం ఒకటి వచ్చి ముఖం మీదుగా పోయింది. ఎందుకో కళ్లు తెరిచాను. మండాయి కానీ కనిపించింది, పైన ఆకుపచ్చని వెలుగు, అందులో అయ్యగారి ముఖం వంకర్లు పోతూ. నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టు ఉన్నారు. అంతే, లేపేశారు.

"మునిగింది!" అని గంటల పెద్దమ్మ కేక. "వెంట్రుకలతోని సహా మునిగింది! నేను సూసిన!"

ఒడ్డంతా పాట అందుకుంది. అమ్మ తడిబట్టలతోనే నన్ను వాటేసుకుంది. నేను ఉప్పునీళ్లు ఉమ్ముతూ, ముక్కు చీదుకుంటూ, ప్రపంచంలో ఇంత సంతోషం ఉంటుందా అన్నట్టు ఏడ్చాను. మిగిలిన ముగ్గురూ అదే పద్ధతిలో, నేను పడుకున్న చోటే పడుకుని బాప్తిస్మం తీసుకున్నారు. మా మందిరం వాళ్లు సముద్రానికి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ అదే పద్ధతి, కనిపెట్టింది నేనని చెప్పుకునే హక్కు నాకుంది.

నిండా మునిగినవాడికి చలేమిటి? బట్టలు ఆరనివ్వకుండానే మళ్లీ జాకెట్ తొడుక్కుని బనానా బోటు వరసలో అందరికంటే ముందు నిలబడ్డాను. పొడుగాటి గాలి తిత్తి మీద గుర్రమెక్కినట్టు కూర్చోవడం, ముందు మోటారు బోటు లాక్కుపోవడం, అంతే ఆట. నా వెనక యూత్ పిల్లలు, చివరన అయ్యగారు. ఎక్కే ముందు బోటువాడి చేత తాడు ముళ్లన్నీ చూపించుకున్నారు. లోపల ఒక మలుపులో బోటు అందర్నీ నీళ్లల్లో దొర్లించింది (అది వాళ్ల ఆనవాయితీ అట, ముందే చెప్పి ఉంటే అయ్యగారు ఒప్పుకునేవారు కాదు). నేను పడ్డాను, తేలాను, అరిచాను, మళ్లీ ఎక్కించమన్నాను. ఒడ్డు వైపు చూస్తే బావ, ప్యాంటు పిక్కల దాకా మడుచుకుని, అందరి చెప్పులకు కాపలా కూర్చున్నాడు. రా బావా అని పిలిచాను. "నువ్వు కానియ్, నాకు ఇక్కడ పనున్నది" అన్నాడు చెప్పులు సర్దుతూ. అప్పుడు తెలిసింది, నాకు ఫోన్‌లో ఈత నేర్పిన గురువుగారు జన్మలో మోకాలు దాటి నీళ్లలో దిగలేదని. పోనీలే, కట్నం అడగని మనిషికి ఈత కూడా రావాలంటే అత్యాశ.

పెళ్లి అనుకున్న రోజునే, అయ్యగారి చేతుల మీదుగా జరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఉప్పల్ వైపు ఒక ఈతకొలనులో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరి ఈత నేర్చుకున్నాను. గట్టు మీద తువ్వాలు పట్టుకుని మా ఆయన. ఇప్పుడు సెలవులకు ఏ సముద్రపు ఊరికి వెళ్లినా జెండాలు ఎక్కడున్నాయో చూసి, పిల్లల జాకెట్ల బెల్టులు గుంజి, ఆ తర్వాతే దిగనిస్తాను. ఆ గుంజడం ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు తెలుసు. అయ్యగారు పెద్దవారైపోయారు. మందిరంలో తొట్టి కొత్తగా కట్టించాక, మోకాళ్ల నొప్పులతో దిగడం కష్టమై, చిన్న పాస్టర్ గారిని పెట్టారు. నన్ను మాత్రం పిలిచి, "ఆడపిల్లలు భయపడ్తరు బిడ్డా, పక్కన నువ్వు నిలవడు. నీకు నీళ్లు అలవాటే గద" అన్నారు.

అలా ఇప్పుడు బాప్తిస్మాల ఆదివారం వచ్చిందంటే తొట్టిలో నడుము లోతు నీళ్లలో నేనుంటాను. తెల్లబట్టల్లో వణుకుతూ మెట్లు దిగే ఏ పిల్లనైనా దూరం నుంచే పోల్చుకుంటాను. చల్లబడిన ఆ చెయ్యి పట్టుకుని, "ఏం గాదు బిడ్డా, రెండు నిమిషాల పని" అంటాను, పుట్టినప్పటి నుంచి నీళ్లల్లోనే ఉన్నదానిలా. ఆ పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూస్తుంది, ఈమె ఎన్నడూ దేనికీ భయపడలేదు కాబోలు అన్నట్టు. ఆ చూపుకు నాకు లోపల నవ్వు పొంగుకొస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి. అసలు సంగతి చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది. ముందు మునగనీ, తర్వాత చెబుదాంలే అనుకుని, చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటాను.